"ప్రార్థన చేసుకో" అన్నారు సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

కష్టం వచ్చిన ఇంటికి వెళ్ళిన విశ్వాసులు మన వైపు చెప్పే మాట ఒకటే: "ప్రార్థన చేసుకోమ్మా, దేవుడు చూసుకుంటాడు." తప్పు మాటేమీ కాదు. కాకపోతే ఆ మాట చెప్పి, టీ తాగి వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి? టంగుటూరు వేలంలో కొనేవాళ్ళు లేక (నోబిడ్) బేళ్ళు వెనక్కొచ్చిన పొగాకు రైతు, వైట్ స్పాట్ తెగులు పడి రొయ్యల చెరువు మొత్తం పోగొట్టుకున్న అల్లూరు వైపు కుర్రాడు, డయాలసిస్ కోసం కందుకూరు నుంచి ఒంగోలుకి బస్సులో తిరిగే భార్యాభర్తలు... వీళ్ళు మోకాళ్ళూనితే ఏడుపొస్తుంది తప్ప మాట రాదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనపడతాయి, తలకెక్కవు. పైగా "నాకు విశ్వాసం తక్కువేమో" అన్న టెన్షన్ ఒకటి.

ఇది అలాంటి వాళ్ళ కోసం. నేను పాస్టర్‌ని కాదు. ప్రార్థన కూడికలకి చాపలు పరిచి, మైకు సర్దే బాపతు మనిషిని. అయితే చాపలు పరిచేవాడికి ఎవరు ఏ మూల కూర్చుని ఏడుస్తున్నారో బాగా కనపడుతుంది. అలా చూసి తెలుసుకున్నది ఇది: ఆశ పుట్టాక లేద్దాం అనుకున్నవాళ్ళు చాలా రోజులు మంచం మీదే ఉండిపోతారు. లేచి, తిని, ఒకరితో మాట్లాడి, చేతికందిన పని ఏదో ఒకటి పట్టుకున్నవాళ్ళకి ఆ పని మధ్యలో ఎప్పుడో ఆ ఆశ వచ్చి చేరుతుంది. బైబిల్లో కూడా నాకు కనపడే వరుస ఇదే.

మొదటి పని: అన్నం తినండి, నిద్రపోండి

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీయండి. దాని ముందు అధ్యాయంలో ఏలీయా కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దింపిన మనిషి. ఇక్కడికొచ్చేసరికి యెజెబెలు రాణి బెదిరింపుకి పారిపోయి, అరణ్యంలో ఒక బదరీ చెట్టు కింద కూలబడి, "ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో" అంటున్నాడు. అంతటి ప్రవక్త అన్నమాట. దేవదూత వచ్చి వాక్యం చెప్పలేదు, విశ్వాసం గురించి నిలదీయలేదు. తట్టి లేపి "లేచి తిను" అన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్ళు తల దగ్గర ఉన్నాయి. తిని, తాగి మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా లేపి అదే చెప్పాడు. "ఇక్కడ నీకేం పని?" అన్న దేవుడి ప్రశ్న ఆ తర్వాత, చాలా దూరం నడిచాక వచ్చింది.

కాబట్టి మొదటి వారం మీ ఆత్మీయ క్రమశిక్షణ ఇంతే. రోజుకి రెండు పూటలు ఒక వేళకి తినండి. వండే ఓపిక లేకపోతే మజ్జిగన్నం, ఊరగాయ చాలు. పొద్దున కాసేపు ఎండలోకి రండి. లోన్ యాప్ మెసేజీలు, బంధువుల వాయిస్ మెసేజీలు రాత్రి పదయ్యాక వినకండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. రాత్రి పదింటికి తీరే అప్పు ఏదీ లేదు.

ఇక్కడే ఉపవాసం గురించి ఒక మాట. కష్టం రాగానే మూడు రోజుల ఉపవాసం పెట్టుకునే అలవాటు మనలో ఉంది. ఉపవాసానికి నేను వ్యతిరేకం కాదు. కానీ దుఃఖంతో ఇప్పటికే నాలుగు రోజులుగా సరిగా తినని మనిషి ఉపవాసం పేరుతో ఇంకో మూడు రోజులు తినకపోతే దానివల్ల ఒళ్ళు పాడవడమే. షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అసలు చేయకూడదు. శుక్రవారం ఉపవాస కూడికకి వెళ్ళాలనుకుంటే తిని వెళ్ళి కూర్చోండి. ఎవరూ కొలవరు. కొలిచేవాళ్ళుంటే వాళ్ళ పక్కన కూర్చోకండి.

రెండో పని: ఒక్కరికి చెప్పండి

ఊళ్ళో పరువు సమస్య నాకు తెలుసు. ఇవాళ చెప్పింది రేపు బోరింగు దగ్గర వినపడుతుంది. అందుకే పదిమందికి చెప్పమనడం లేదు. సాక్ష్యం చెప్పే టైములో లేచి చెప్పమనడం అసలే లేదు. ఒక్కరు చాలు. ఎలాంటి మనిషి? మీ దగ్గర ఇంకొకరి గుట్టు ఎప్పుడూ విప్పని మనిషి. సంఘంలో వెతికితే సాధారణంగా మాటకారి కాని ఒక పెద్దమ్మో, కష్టం పడి లేచిన ఒక అన్నో దొరుకుతారు. వెళ్ళగానే ఇలా అనండి: "అక్కా, నాకు సలహా వద్దు. కాసేపు విను, చివర్లో నాతో కలిసి ఒక్క చిన్న ప్రార్థన చెయ్యి." సలహా వద్దని ముందే చెప్పడం ముఖ్యం. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద అతనితో కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అతన్నే తప్పుపట్టారు.

ఒకవేళ మీకు చచ్చిపోదామన్న ఆలోచనే వస్తుంటే ఈ పేజీ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఒంటరిగా పడుకోకండి. పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే పక్కింటివాళ్ళకి ఇచ్చేసి, నేనడిగినా ఇవ్వొద్దని చెప్పండి. అలాంటి రాత్రులు దాటిపోతాయి, ఆ రాత్రి చేతికి ఏమీ అందకుండా ఉండటమే కావలసింది.

డాక్టరు దగ్గరికి వెళ్తే, మనసుకి మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టని ఎవరైనా అంటే పట్టించుకోకండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు, కొలొస్సయులకు రాసిన పత్రికలో ఆ మాట స్పష్టంగా ఉంది. మన జిల్లాలకి సువార్త తెచ్చిన మిషనరీలు గుడి పక్కనే ఆసుపత్రి కూడా కట్టారు. ఒంగోలులో వాళ్ళలో ఒకరైన క్లౌ పేరు మీద ఉన్న ఆసుపత్రి ముందు నుంచి మీరెన్నిసార్లు వెళ్ళి ఉంటారు! ఇంట్లో కొట్టే మొగుడున్న ఆడమనిషికి "ఓర్చుకో, ప్రార్థనతో మారతాడు" అని చెప్పడం కూడా ఈ కోవలోదే. ఆమెకి ముందు కావలసింది ప్రమాదం లేని చోటు. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ప్రార్థన ఆ చోటికి చేరాక చేసుకోవచ్చు, దారిలోనూ చేసుకోవచ్చు.

మూడో పని: ఉన్నది ఉన్నట్టు ప్రార్థించండి

మన సంఘాల్లో ప్రార్థనకొక బాణీ ఉంది. గొంతు పెరగాలి, గ్రాంథికం రావాలి, మధ్య మధ్య స్తోత్రం పడాలి. అలా వచ్చేవాళ్ళకి అది సహజమే. రానివాళ్ళు తమకి ప్రార్థనే రాదనుకుంటారు. 13వ కీర్తన చూడండి. "ఎన్నాళ్ళు నన్ను మరిచిపోతావు? ఎంతకాలం ముఖం తిప్పుకుంటావు?" అని దావీదు దేవుణ్ణే అడుగుతున్నాడు. 88వ కీర్తన అయితే చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో వెలుగు గీత కూడా లేదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. యేసు కూడా సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో "ఈ గిన్నె (అంటే రాబోయే బాధ) నా దగ్గర నుంచి తొలగించు" అని అడిగాడు. అంటే అడగడం, బాధ చెప్పుకోవడం, కోపం వెళ్ళగక్కడం అవిశ్వాసం కాదు. అవన్నీ ప్రార్థన లోపలి సంగతులే.

ఒక నోటుపుస్తకం తీసుకోండి, పిల్లల పాత లాంగ్ నోట్‌లో మిగిలిన పేజీలైనా సరే. రోజుకి నాలుగు వాక్యాలు రాయండి: ఏం జరిగింది, నాకెలా ఉంది, ఇవాళ్టికి ఏం కావాలి, ఒక్క మంచి విషయం ఏదైనా ఉంటే అది. ఉదాహరణకి ఇలా:

"ప్రభువా, గోల్డ్ లోను నోటీసు వచ్చింది. పదో తారీకు లోపల లక్షా ఇరవై వేలు కట్టాలి, నా దగ్గర నలభై ఉంది. భయంగా ఉంది, నీ మీద కోపంగా కూడా ఉంది. ఇవాళ బ్యాంకుకి వెళ్ళి మేనేజరుతో మాట్లాడే ధైర్యం ఇవ్వు, అంతవరకే అడుగుతున్నా. చిన్నది ఇవాళ అన్నం మారాం చేయకుండా తినింది. ఆమేన్."

ఇది చదివి "ఇదేం ప్రార్థన" అనుకునేవాళ్ళుంటారు. అంకె వేసి అడగడంలో ఒక లాభం ఉంది. "కష్టాలు తీర్చు తండ్రీ" అని అడిగితే దేవుడు జవాబిచ్చాడో లేదో మీకే తెలియదు. "ఇవాళ బ్యాంకుకి వెళ్ళే ధైర్యం" అడిగితే సాయంత్రానికి తెలుస్తుంది. నెల తిరిగాక ఆ పేజీలు వెనక్కి తిప్పితే, పెద్ద కష్టం అలాగే ఉన్నా ఎన్ని చిన్న విషయాల్లో నిలబెట్టాడో రాతలోనే కనపడుతుంది. నాలుగో వాక్యం ఒక్కోరోజు ఖాళీగా ఉండొచ్చు. ఖాళీగానే వదిలేయండి.

నాలుగో పని: వాగ్దాన కార్డు వెనకున్న అధ్యాయం చదవండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి తీసుకున్న బైబిలు వాక్యం కార్డు మీ బీరువాకి అంటించి ఉంటుంది. చాలామంది ఇళ్ళలో ఉండేది యిర్మీయా 29:11: మీ గురించి నేను అనుకుంటున్నవి మేలుకే గాని కీడుకు కాదు అని. కార్డు మీద అంతవరకే ఉంటుంది. ఆ అధ్యాయం మొదటి నుంచి చదివితే సంగతి వేరుగా ఉంటుంది. అది బబులోనుకి చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా రాసిన ఉత్తరం. ఆ మాటకి ముందు వాక్యంలోనే డెబ్బై సంవత్సరాలని ఉంది. అంటే వింటున్నవాళ్ళలో చాలామంది ఆ విడుదల చూడరు! మరి ఈలోగా ఏం చేయమన్నాడు? ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసి వాటి పండ్లు తినండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అన్నాడు. కనిగిరి, పామూరు నుంచి బేల్దారి (తాపీ) పనికి హైదరాబాదు వలసపోయి రేకుల షెడ్డులో ఉండేవాళ్ళకి ఇంతకంటే సూటిగా తగిలే ఉత్తరం నాకు తెలియదు. "ఊరెళ్ళాక బాగుంటాం" అని రోజులు లెక్కపెట్టేవాళ్ళకి, ఇక్కడే, ఇప్పుడే, పిల్లను పక్క వీధి బడిలో చేర్చండని చెప్పే దేవుడు.

కళ్ళు మూసుకుని పేజీ తెరిచి వేలు పెట్టి వాక్యం తీయడం మానేయండి. వరుసగా చదవండి: రోజుకొక కీర్తన, దానితోపాటు రూతు నాలుగు అధ్యాయాలు, తర్వాత మార్కు సువార్త. మన తెలుగు బైబిలు భాష పాతది, కళ్ళతో చదివితే కొరుకుడు పడదు, పైకి చదివితే చెవికి అందుతుంది. చదువు రాని పెద్దవాళ్ళకి ఫోన్లో ఆడియో బైబిలు పెట్టివ్వండి. మనవరాలితో చదివించుకుంటే ఇంకా మంచిది, పిల్లకి చదవడం వస్తుంది, అవ్వకి వాక్యం అందుతుంది.

ఐదో పని: గుడికి వెళ్ళండి, వెనకాలే కూర్చోండి

మనసు బాగోలేనప్పుడు ముందు మానేసేది ఆదివారం ఆరాధనే. "అందరూ అడుగుతారు" అన్న భయం. పాటలు మొదలయ్యాక వెళ్ళండి, వెనక వరుసలో కూర్చోండి, ఆశీర్వాదం కాగానే లేచి వచ్చేయండి. ఎవరన్నా అడిగితే "ప్రార్థించండి" అంటే చాలు. మీకు పాడే శక్తి లేని రోజు మీ చుట్టూ ఉన్నవాళ్ళు పాడతారు, ఆ గొంతుల మధ్య కూర్చోవడం కూడా ఆరాధనే. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆరాధన) ఉన్న ఆదివారం మాత్రం మానకండి. చేతిలో రొట్టె ముక్క పడినప్పుడు, మీ కష్టం గురించి ఏమీ అర్థం కాకపోయినా, సిలువ మీద నలిగినవాడు మీతో ఉన్నాడన్నది చేతికి తగులుతుంది.

ఏ సంఘానికి వెళ్ళాలన్నది మీకే తెలియాలి. ఎక్కడి నుంచి లేచి రావాలన్నది మాత్రం నేను చెప్తాను. ప్రార్థన చేయడానికి రేటు చెప్పేచోట, అభిషేక నూనె అమ్మేచోట, మందులు మానేయమనేచోట, మీ బిడ్డ పోవడానికి మీ పాపమే కారణమని మైకులో చెప్పేచోట ఒక్క నిమిషం కూడా ఉండకండి. అప్పు తెచ్చి కానుక వేయకండి. ఇద్దరు బిడ్డల ఫీజు పక్కన పెట్టి ఎన్నో రెట్లు తిరిగొస్తుందని చెప్పి విత్తన కానుక వేయమంటే లేచి వచ్చేయండి. తనకున్నదంతా కానుక వేసిన బీద విధవరాలి రెండు కాసుల కథ చెప్పి అడుగుతారు. మార్కు 12లో ఆ కథకి కాస్త పైన, విధవరాళ్ళ ఇళ్ళు మింగేసే శాస్త్రుల్ని యేసు ఎలా దులిపాడో అది మాత్రం ఎక్కువమంది చదవరు.

గృహ కూడిక మీ ఇంట్లో పెట్టుకోమంటే, టీ, బిస్కట్ల ఖర్చు భారమైతే "ఇప్పుడు వీలుకాదు అయ్యగారూ" అనండి. మంచి కాపరి అయితే తనే ఫ్లాస్కు తెస్తాడు.

ఆరో పని: ఇంట్లో ఏముందో చూడండి

అప్పు కష్టమే మీ కష్టమైతే ఇది నిదానంగా చదవండి. రాజుల రెండో గ్రంథం 4వ అధ్యాయం. ఒక ప్రవక్త శిష్యుడు చనిపోయాడు. అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా తీసుకెళ్తానంటున్నాడు. అతని భార్య ఎలీషా ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంది. ఎలీషా అడిగిన ప్రశ్న: "నీ ఇంట్లో ఏముంది?" "ఒక నూనె కుండ తప్ప ఏమీ లేదు." అయితే వెళ్ళి ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, తక్కువ కాకుండా తెచ్చుకో అన్నాడు. తలుపు వేసుకుని, కొడుకులు పాత్రలు అందిస్తుంటే ఆమె పోసింది. పాత్రలు ఉన్నంతవరకు నూనె వచ్చింది. తర్వాత ఎలీషా చెప్పింది: నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి.

ఈ కథలో నూనె పొంగిన భాగమే అందరూ ప్రసంగిస్తారు. నాకు ముఖ్యమనిపించేవి దానికి ముందూ వెనకా ఉన్నాయి. ఆమె ఇంటింటికీ వెళ్ళి అడగాల్సి వచ్చింది, అంటే సంగతి ఊరికి తెలిసింది. పని కొడుకులతో కలిసి చేసింది, పిల్లల దగ్గర దాచలేదు. అప్పు ఎగ్గొట్టలేదు, తీర్చింది.

ఆ వరుసలోనే మీరూ చేయండి. నోటుపుస్తకం ఆఖరి పేజీలో గీతలు కొట్టి రాయండి: ఎవరికి, అసలెంత, వడ్డీ నూటికి ఎంత, ఎప్పుడు తీసుకున్నది, ప్రోనోటా, బంగారమా, నోటి మాటా. భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయాలి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు తెచ్చినవి ఉంటే అవి ఈ రాత్రే బయటికి రావాలి. గొడవవుతుంది. అయినా రాయాలి. ఆ పేజీ మీద చేతులు పెట్టి ప్రార్థన చేయండి, తర్వాత వడ్డీ ఎక్కువున్నదాని చుట్టూ సున్నా చుట్టండి. బ్యాంకువాళ్ళు ఇంటికొచ్చేదాకా ఆగకుండా మీరే వెళ్ళి గడువు అడగండి. పాత అప్పు తీర్చడానికి లోన్ యాప్‌లో కొత్తది తీయకండి. ఖాళీ ప్రోనోటు మీద సంతకం ఎవరడిగినా పెట్టకండి. అప్పులవాడు దౌర్జన్యం చేస్తుంటే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు దారి చెప్తారు. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి వకీలు ఉచితం. ఇంట్లో ఏముందో కూడా రాయండి: కుట్టుమిషను, పాడిగేదె, డ్రైవింగ్ లైసెన్సు, పచ్చళ్ళు పెట్టే చెయ్యి. "ఏమీ లేదు" అన్న ఆవిడకి కూడా ఒక కుండ గుర్తొచ్చింది.

ఏడో పని: మీ చేతికి ఒక మనిషిని తీసుకోండి

"నా బతుక్కి దేవుడి ఉద్దేశం ఏమిటి" అని అడుగుతూ కూర్చోవడం కంటే, "ఈ వారం నా అవసరం ఎవరికుంది" అని అడగడం మేలు. దీనికి మన జిల్లా చరిత్రే సాక్ష్యం.

1876 నుంచి 1878 వరకు పెద్ద కరువు వచ్చింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరపున ఉన్న జాన్ క్లౌ, మనవాళ్ళ నోట క్లౌ దొర, యువకుడిగా సర్వే పని చేసినవాడు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడు నాలుగు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్ళకి పలుగూ పారా ఇచ్చి, కూలి ఇచ్చాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్ళు, ఎవరూ లెక్కలోకి తీసుకోని జనం. బోధకులే పని చూసే మేస్త్రీలు. పగలు మట్టి తవ్వకం, విశ్రాంతి వేళల్లో వాక్యం. ఇందులో నేను అన్నిటికంటే గౌరవించేది ఇంకోటి ఉంది: కరువు నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగి ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా. క్లౌ ఒడ్డునే ఉన్నాడు.

ఆ ఉద్యమం దొరతోనే మొదలైందనుకుంటే కూడా పొరపాటు. తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకుని, ఊరూరా తిరిగి తన బంధువర్గానికి చెప్పుకుంటూ పోయాడు. ఆయన వెతుక్కుంటూ వెళ్ళిన మనుషులు పరాయివాళ్ళు కారు, తోళ్ళ కోసం తిరిగేటప్పుడు పరిచయమైన ఇళ్ళే.

మీరూ అలాగే దగ్గర్లో వెతకండి. మీకు తగిలిన దెబ్బ లాంటిదే తగిలిన మనిషిని చూడండి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు చెప్పేది అదే: దేవుడు మనల్ని ఆదరించిన ఆదరణతోనే మనం ఇంకొకర్ని ఆదరిస్తాం. డయాలసిస్ సెంటర్లో ఏ కుర్చీ దగ్గర ఫ్యాను గాలి తగులుతుందో, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కాగితం ఏ కౌంటర్లో ఇవ్వాలో మీకు తెలుసు. మొదటిసారి వచ్చి బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పెద్దాయనకి తెలియదు. ఆయన పక్కకి వెళ్ళి నిలబడండి, చాలు. కొత్తపట్నం, పాకల, మైపాడు తీరాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు ఒడ్డునుంటాయి, మగవాళ్ళు ఖాళీ, మందు దుకాణం దగ్గర. సరిగ్గా ఆ సెలవుల్లోనే గుళ్ళలో పిల్లలకి వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) జరుగుతుంది. పిల్లల్ని ఆటోలో దించడం, మంచినీళ్ళ క్యాన్లు మోయడం, సాయంత్రం పదిమందికి వలేసిన కథలు చెప్పడం, ఇవన్నీ వేటకెళ్ళే మనిషి చేయగలిగినవే. యేసు శిష్యుడు పేతురు కూడా వలలు కడుక్కునే మనిషే కదా.

ఒక్క షరతు. చేసిన సాయం ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి. ఒక మనిషికి మించి పెట్టుకోకండి కూడా. మీ గాయం ఇంకా పచ్చిగా ఉంది.

జవాబు రాకపోతే

ఇది పని కాదు, ఓపిక. ఒంగోలులో ప్రార్థన కొండ మీకు తెలుసు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ఊరికి ఒక పనివాణ్ణి పంపమని అడిగారు. అప్పటికి నెల్లూరులో మిషన్ మొదలై పద్నాలుగేళ్ళు, విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. దీన్ని మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. వాళ్ళడిగిన మనిషి, క్లౌ, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ళు! ఈ మాట మీ ప్రార్థనకీ పన్నెండేళ్ళలో జవాబు వస్తుందని చెప్పడానికి కాదు. రాకపోవచ్చు కూడా. గెత్సేమనేలో యేసు అడిగిన గిన్నె తొలగిపోలేదు. మన విశ్వాసం గిన్నె తొలగిందన్న దాని మీద లేదు, సమాధి ఖాళీ అయిందన్న దాని మీద ఉంది. సిలువకీ ఖాళీ సమాధికీ మధ్యలో శిష్యులకి ఒక శనివారం గడిచింది, ఏమీ తెలియని రోజు. చాలామంది ప్రస్తుతం ఆ శనివారంలోనే ఉన్నారు. శనివారం చేయాల్సిన పనులు పైన రాసినవే: తినడం, నిద్రపోవడం, ఒకరితో చెప్పుకోవడం, రాసుకోవడం, వెనక వరుసలో కూర్చోవడం.

మనిషి పోయిన ఇంట్లో తేదీల సంగతి

మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళలో కుదుటపడ్డాం అనుకున్నాక కూడా కొన్ని తేదీలు పడగొడతాయి. క్యాలెండర్లో ముందే గుర్తు పెట్టుకోండి: పుట్టినరోజు, పెళ్ళిరోజు, పోయిన రోజు, మొదటి క్రిస్మస్. ఆ రోజుల్లో ఒంటరిగా ఉండకుండా మీ ఆ ఒక్క మనిషికి ముందు వారమే చెప్పండి. జ్ఞాపకార్థ కూడికకి రెండొందల మందికి బిరియాని పెట్టకపోతే పరువు పోతుందని అప్పు చేయకండి. వాక్యం, రెండు పాటలు, పులిహోర పొట్లం చాలు. బంధువులు ఏమన్నా అంటే మీ పాస్టరుగారి చేతనే చెప్పించండి, ఆయన అందుకే ఉన్నాడు. క్రిస్మస్ కేరల్స్ బృందం మీ వీధికి వచ్చే రోజు ఏదో కనుక్కుని, యూత్ లీడరుకి ఫోన్ చేసి, మీ ఇంటి ముందు ఆగాలా, వెళ్ళిపోవాలా మీరే చెప్పండి. ఏది చెప్పినా తప్పు లేదు, వచ్చే ఏడాది ఇంకోలా చెప్పొచ్చు.